మైల ఎక్కడ ఆగుతుంది?

మట్టికుండలో బల్లి పడి చచ్చింది. కుండను ఏం చెయ్యాలి? బైబిల్లోని లేవీయకాండము 11వ అధ్యాయం నాన్చకుండా చెబుతుంది: పగలగొట్టెయ్యాలి. అదే బల్లి చెక్క పాత్ర మీదో, బట్ట మీదో, తోలు మీదో, గోనె మీదో పడితే అంత పని లేదు. నీళ్లలో వేసి సాయంత్రం దాకా ఉంచితే సరి. ఊటలోనో నీటిగుంటలోనో పడితే ఆ నీళ్లకు దోషమే లేదు, కళేబరాన్ని ముట్టుకున్నవాడికి మాత్రం మైల. విత్తడానికి దాచిన పొడి గింజల మీద పడితే వాటికేమీ కాదు. అవే గింజలు నీళ్లు తగిలి ఉంటే మైలపడినట్టే.

ఈ జాబితా చదవగానే చాలామంది “చూశారా, ఆ రోజుల్లోనే క్రిముల సంగతి తెలుసు” అంటారు. ఆ వాదన నిలబడదు. క్రిముల భయమే అయితే ముందు అనుమానించాల్సింది గుంటలో నిలిచిన నీటిని. ఇక్కడ అందుకు పూర్తిగా తలకిందులు: మైలపడ్డ కుండలో నీళ్లు తగిలిన తిండి మైల, గుంటలో నీళ్లు శుద్ధం. నాకు తోచినంతవరకు కారణం ఆచరణలోనే ఉంది. కుండ పోతే ఇంకో కుండ చేసుకోవచ్చు. ఊట పనికిరాదంటే ఆ చుట్టుపక్కల ఎవరూ బతకలేరు. పొడి గింజలు పనికిరావంటే వచ్చే ఏటికి పంట ఉండదు. నియమం రాసినవాళ్లు మైలను ఎక్కడ మొదలుపెట్టాలన్నదాని మీద ఎంత బుర్ర పెట్టారో, ఎక్కడ ఆపాలన్నదాని మీదా అంతే పెట్టారు.

అశుచి గురించి మతాల వైపు నుంచి రాసేవాళ్లయినా, మనోవిశ్లేషణ వైపు నుంచి రాసేవాళ్లయినా ఈ రెండో సగాన్ని సాధారణంగా వదిలేస్తారు. ఏది మైల, ఎందుకు మైల అన్న చర్చలోనే పుస్తకం అయిపోతుంది. నా దృష్టిలో మతాల మైలనూ మనోవిశ్లేషకులు చూసే మైల భయాన్నీ కలిపే విషయమూ, విడదీసే విషయమూ ఒకటే: ఆగే చోటు.

ముందు పాకే సంగతి. యూదు ధర్మశాస్త్రం మైలకు మెట్లు కట్టింది. యూదు ధర్మ సంకలనమైన మిష్నా ఆరు భాగాల్లో చివరిదైన తొహొరోత్‌లో 12 గ్రంథాలున్నాయి, అన్నిటికీ విషయం శుచి, అశుచులే. శవానిది అన్నిటికంటే పై మెట్టు, దాన్ని “తండ్రులకు తండ్రి” అంటారు. శవాన్ని ముట్టుకున్న మనిషి “తండ్రి” స్థాయి. అతను ముట్టుకున్న తిండి మొదటి మెట్టు, దానికి తగిలిన తిండి రెండో మెట్టు. మామూలు తిండి విషయంలో రెండో మెట్టుతో సరి, అక్కడి నుంచి ఇంకొకదానికి అంటదు. యాజకుల వాటాగా తీసిపెట్టిన తిండికైతే మూడో మెట్టు దాకా, ఆలయ బలి పదార్థాలకైతే నాలుగో మెట్టు దాకా పోతుంది. ఎంత పవిత్రమైన వస్తువైతే అంత తొందరగా చెడుతుందన్నమాట. అయినా నాలుగో మెట్టు తర్వాత గొలుసు తెగుతుంది.

జపాన్‌లో 927లో పూర్తయిన ఎంగిషికి అనే ప్రభుత్వ నిబంధనల సంకలనం ఇంకా ముచ్చటగా ఉంటుంది. మనిషి చావుకు 30 రోజులు, పుట్టుకకు 7 రోజులు, పెంపుడు పశువు చావుకు 5, దాని ఈతకు 3 అని ముందు గడువులు పెట్టింది. ఆ తర్వాత గొలుసు లెక్క. మైల ఉన్న ఇల్లు “క” అనుకోండి. “ఖ” అక్కడికి వెళ్లి కూర్చున్నాడు, అతనికీ అతని ఇంట్లో అందరికీ మైల. “గ” ఆ ఖ ఇంటికి వెళ్లాడు, గ ఒక్కడికే మైల, అతని ఇంట్లోవాళ్లకు లేదు. అలా కాక ఖ స్వయంగా గ ఇంటికి వస్తే ఆ ఇంట్లో అందరికీ మైల. ఇక “ఘ” వెళ్లి గ ఇంట్లో అడుగుపెడితే ఏమీ లేదు. ఎవరు ఎవరి ఇంటికి నడిచారన్నది కూడా లెక్కలోకి వచ్చింది. ఇలాంటి నియమం భయంతో వణికేవాళ్లు రాసేది కాదు. రేపు దర్బారులో ఎవరు హాజరు కావచ్చు, ఏ పూజ వాయిదా పడాలి అని తేల్చాల్సిన గుమాస్తాలు రాసేది.

మెట్లు లేని చోట ఏమవుతుందో చూపించినవాడు మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్. 1912–13లో వచ్చిన టోటెమ్ అండ్ టాబూలో, మానవశాస్త్రవేత్త ఫ్రేజర్ నుంచి తీసుకున్న, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల ఉదాహరణ ఒకటుంది. నాయకుడు నిప్పును నోటితో ఊదడు. ఊదితే అతని ఊపిరిలోని పవిత్రత నిప్పుకు, నిప్పు నుంచి కుండకు, కుండ నుంచి అందులో ఉడికే మాంసానికి, మాంసం నుంచి తిన్నవాడికి చేరి అతను చస్తాడు. ఫ్రాయిడ్ దాని పక్కనే తన దగ్గరికి వచ్చిన ఒక స్త్రీ సంగతి పెట్టాడు. భర్త ఏదో ఇంటి సామాను కొని తెచ్చాడు. దాన్ని బయటికి పంపకపోతే ఈ ఇంట్లో ఉండలేనంది. ఏమిటంటే, దాన్ని కొన్న దుకాణం ఉన్న వీధి పేరూ, ఎక్కడో దూరపు ఊళ్లో ఉంటున్న ఆమె చిన్ననాటి స్నేహితురాలి ఇప్పటి ఇంటిపేరూ ఒకటే. ఆ స్నేహితురాలు ఆమెకు తలపులోకి కూడా రాకూడని మనిషి. ముట్టుకోవడం ద్వారా కాదు, పేరు ద్వారా మైల ఊళ్లు దాటి వచ్చింది. దీనికి ఎన్నో మెట్టు అని అడిగితే జవాబు లేదు. ఎన్నాళ్లు అని అడిగినా లేదు.

ఒకే ఆలోచన, ఒకే తంతు మనిషిని వదలకుండా పట్టే జబ్బైన అబ్సెషనల్ న్యూరోసిస్‌కూ టాబూకూ, అంటే సమాజం పెట్టే నిషేధానికీ, పోలికలు ఫ్రాయిడ్ నాలుగు చెప్పాడు. నిషేధానికి కారణం చెప్పలేకపోవడం ఒకటి. బయటి నుంచి ఎవరూ బెదిరించకుండానే లోపలి నుంచే తప్పనిసరి కావడం రెండోది. ఒక వస్తువు నుంచి ఇంకోదానికి జరిగిపోవడం, అంటుకోవడం మూడోది. నిషేధం నుంచి కడగడాల్లాంటి తంతులు పుట్టుకురావడం నాలుగోది. నాలుగూ నిజమే. కాని ఈ జాబితాలో ఐదోది ఒకటి ఉండాల్సింది, అది పోలిక కాదు, తేడా. తంతు ఎప్పుడు పూర్తయిందో చెప్పేవాళ్లు టాబూలో ఉంటారు. రోగికి ఉండరు.

పూర్తయిందని తేల్చడం చిన్న పనేమీ కాదు, శౌచ గ్రంథాల్లో అసలు నైపుణ్యం అక్కడే కనిపిస్తుంది. మనుస్మృతి 5వ అధ్యాయం తీసుకోండి. అందులో రెండు రకాల ఆగే గుర్తులున్నాయి. మొదటిది అంకె: విసర్జన తర్వాత మట్టితో శుభ్రం చేసుకోవడానికి ఒక చోట ఒకసారి, ఇంకో చోట మూడుసార్లు, ఒక చేతికి పది, రెండు చేతులకూ కలిపి ఏడు. ఇది గృహస్థుడికి. బ్రహ్మచారికి రెట్టింపు, వానప్రస్థుడికి మూడింతలు, సన్యాసికి నాలుగింతలు. రెండోది ఇంద్రియం: వస్తువుకు అంటిన అశుచి వాసన, జిడ్డు పోయేదాకా మట్టీ నీళ్లూ వాడుతూనే ఉండాలి. మామూలు మనిషికి రెండోదే తెలివైన నియమం అనిపిస్తుంది, ఎందుకంటే అది వస్తువును చూసి నడుస్తుంది. అనుమానపు మనిషికి మాత్రం అది గొయ్యి. “వాసన పోయిందా?” అన్న ప్రశ్నకు అతని ముక్కు ఎప్పుడూ “ఇంకా లేదేమో” అంటుంది. అంకె ఎంత అర్థరహితంగా కనిపించినా అతన్ని కాపాడేది అంకే. ఏడు అయితే ఏడు, ఎనిమిదోది శాస్త్రంలో లేదు.

అదే అధ్యాయంలో మినహాయింపులు చూస్తే రాసినవాళ్ల ఆచరణ జ్ఞానం ఇంకా తెలుస్తుంది. ఒంటి మీద పడ్డ నోటి తుంపర్లతో ఎంగిలి కాదు. నోట్లోకి పోయిన మీసం వెంట్రుకలతో కాదు, పళ్ల సందున ఇరుక్కున్నదానితోనూ కాదు. ఎవరి చేతిలోనో ఆచమనానికి నీళ్లు పోస్తున్నప్పుడు కాళ్ల మీద చిందిన చుక్కలు నేల మీద నీళ్లతో సమానం. వీటికి మైల ఉందంటే మనిషి మాట్లాడలేడు, తినలేడు, ఇంకొకరికి నీళ్లు పోయలేడు. మైలపడ్డట్టు కంటికి కనబడనిది, నీళ్లతో కడిగినది, తెలిసినవాళ్లు మాటతో మంచిదన్నది, ఈ మూడూ శుద్ధమే అని ఇంకో శ్లోకం. కనబడకపోతే లేనట్టే అన్న నియమం అబ్సెషన్‌కు నేరుగా ఎదురు మందు.

అనుమానానికి మిగతా సంప్రదాయాలూ ఇలాంటి గడియలే బిగించాయి. యూదు శాస్త్రంలో అశుచి తగిలిందా లేదా అన్న సందేహం నలుగురూ తిరిగే చోట వస్తే శుద్ధం కింద లెక్క, ఒంటరి చోట వస్తే అశుద్ధం కింద లెక్క. వీధిలో ప్రతి అడుగునూ అనుమానిస్తే వీధే ఉండదు కదా. ఇస్లాం ధర్మశాస్త్రమైన ఫికహ్‌లో “నిశ్చయాన్ని సందేహం చెరపలేదు” అన్నది మూలసూత్రాల్లో ఒకటి. నమాజుకు ముందు అవయవాలు కడుక్కునే వుజూ చేసుకున్న మనిషికి అది భంగమైందేమోనని సందేహం వస్తే, శబ్దం వినబడితేనో వాసన తగిలితేనో తప్ప నమాజు వదిలి పోవద్దని ప్రవక్త మాట, అంటే హదీసు. అవయవాన్ని కడగడం ఒకసారి తప్పనిసరి, మూడుసార్లు ఉత్తమం, మూడు మించితే పుణ్యం పెరగకపోగా తప్పు. తృప్తి కలగలేదని నాలుగోసారి కడగడాన్ని వస్వాస్ అంటారు, అంటే షైతాను గుసగుస. అదనపు శుభ్రతను దేవుడి లెక్కలో కాకుండా షైతాను లెక్కలో వెయ్యడం చిన్న ఎత్తుగడ కాదు.

ఇక్కడే ఒక విభజన గమనించాలి, చాలామంది దీన్ని కలిపేస్తారు. ఇస్లాంలో నజాసత్ అంటే వస్తువుకు అంటిన మలినం, హదస్ అంటే మనిషి ఉన్న స్థితి. మొదటిదాన్ని కడిగి పోగొడతారు. రెండోదాన్ని వుజూతోనో ఒళ్లంతా కడుక్కునే గుస్ల్‌తోనో దాటుతారు. నీళ్లు దొరకకపోతే శుద్ధమైన మట్టిని తాకి ముఖం, చేతులు తుడుచుకుంటే చాలు, దాన్నే తయమ్ముమ్ అంటారు. మట్టితో మురికి పోదని అందరికీ తెలుసు. అక్కడ పోతున్నది మురికి కాదు కాబట్టే మట్టి సరిపోతుంది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ కూడా ఇదే చెప్పాడు: అశుచి నీళ్లతో పోయే బురదో చెత్తో కాదు, అది శాసనం. మునిగేవాడి మనసులోని ఉద్దేశం మీదే అంతా ఆధారపడుతుంది.

శాసనం అన్నాక అది ప్రకటించేవాళ్ల మాట మీద నడుస్తుంది. లేవీయకాండము 14లో ఇంటి గోడకు పొడ, అంటే అనుమానపు మచ్చ, కనిపిస్తే యాజకుణ్ణి పిలుస్తారు. అతను లోపలికి అడుగుపెట్టకముందే ఇంట్లో సామానంతా బయట పెట్టించాలి. లేకపోతే అతను “అశుద్ధం” అనగానే లోపలున్నదంతా అశుద్ధమవుతుంది. గోడ మీద మచ్చ నిన్నా ఉంది, ఇవాళా ఉంది. మాట పడేదాకా మైల లేదు. 13వ అధ్యాయంలో ఇంకా విచిత్రం: పొడ ఒంటి మీద అక్కడక్కడా ఉంటే యాజకుడు ఏడు రోజులు వేరుగా ఉంచి చూస్తాడు, తేలకపోతే మరో ఏడు. అదే పొడ తల నుంచి కాళ్ల దాకా కమ్మేసి ఒళ్లంతా తెల్లబడితే “శుద్ధుడు” అంటాడు. రోగ నిర్ణయమే అయితే ఇది పిచ్చి. హద్దుల లెక్కగా చూస్తే అర్థముంది: సగం సగం ఉన్నదే ఇబ్బంది, ఒకే రంగైతే హద్దు లేదు.

ఈ హద్దుల సంగతినే మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో ప్యూరిటీ అండ్ డేంజర్‌లో సిద్ధాంతంగా నిలబెట్టింది. మురికి అంటే చోటు తప్పిన పదార్థం. ఆ మాటను ఫ్రాయిడ్ 1908లోనే, పొదుపు, పట్టుదల, క్రమం అనే మూడు గుణాలను మలవిసర్జన శిక్షణతో ముడిపెట్టిన వ్యాసంలో వాడుకున్నాడు. పందికి గిట్టలు చీలి ఉంటాయి గాని నెమరు వెయ్యదు, అందుకే ఏ గదిలోనూ ఇమడదు అని డగ్లస్ వివరణ. జంతువుల విషయంలో ఇది బాగానే అతుకుతుంది. బహిష్టు, ప్రసవం, స్రావాల దగ్గరికొస్తే అతకదు. నెలనెలా వచ్చే రక్తం ఏ వర్గీకరణకు లొంగని వింత? బైబిల్ పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ చెప్పింది అక్కడ మెరుగ్గా ఉంది: శవం, రక్తం, వీర్యం, శవంలా తెల్లబారిన చర్మం, అన్నీ ప్రాణం జారిపోవడానికి గుర్తులు. దానికీ బొక్కలున్నాయి. కొడుకు పుడితే తల్లికి 7, ఆపై 33, కలిపి 40 రోజులు. కూతురు పుడితే 14, ఆపై 66, మొత్తం 80. ప్రాణం జారిపోవడంతో ఈ రెట్టింపును ఎలా వివరించినా అతుకుల బొంతే.

మనోవిశ్లేషకుల సిద్ధాంతాలు ఈ వివరాల ముందు ఇంకా తడబడతాయి. ఫ్రాయిడ్ లెక్కలో మురికికి మూలం మలం. 1937లో లారెన్స్ క్యూబీ దీన్ని విస్తరించాడు: శరీర రంధ్రాల్లోంచి వచ్చేదీ, వాటికి తగిలినదీ అంతా అచేతనంలో మురికి కింద లెక్క, శరీరమే ఒక మురికి కర్మాగారం. అయితే లేవీయకాండములో మైల కలిగించే స్రావాల జాబితాలో మలమూత్రాలు లేవు. ద్వితీయోపదేశకాండము 23లో పాళెం బయట గొయ్యి తవ్వి కప్పమని ఉంది, అంతే. ముట్టుకుంటే సాయంత్రం దాకా మైల అన్న నియమం వీర్యానికి ఉంది, మలానికి లేదు. 1980లో పవర్స్ ఆఫ్ హారర్ రాసిన జూలియా క్రిస్తెవా మైలను మలసంబంధం, బహిష్టుసంబంధం అని రెండుగా విడగొట్టి, కన్నీళ్లకూ వీర్యానికీ మైల చేసే గుణం లేదంది. వీర్యం సంగతి లేవీయకాండము 15 కాదంటుంది. మనుస్మృతి లెక్కపెట్టిన 12 శరీర మలాల్లో వీర్యమూ ఉంది, కన్నీరూ ఉంది. మూల గ్రంథాలను ఇంత వదులుగా చదివితే సార్వత్రిక సిద్ధాంతం నిలవదు.

అలాగని క్రిస్తెవాను పక్కన పెట్టలేం. పాల మీద కట్టిన పొర పెదవికి తగలగానే కడుపులో తిప్పడం నుంచి శవం దాకా, ఆమె పట్టుకున్నది ఒకటుంది: రోత పుట్టించేది మురికి కాదు, ఒకప్పుడు నాదైనదాన్ని నాలోంచి నెట్టేశాక కూడా అది పూర్తిగా బయటిదైపోకపోవడం. ఈ సగం నాది, సగం పరాయిది అన్న స్థితిని యూదు మతపండితులైన రబ్బీలు ఏనాడో మాటల్లో పెట్టారు. మిష్నాలోని యదాయిమ్ అనే గ్రంథం ప్రకారం పవిత్ర గ్రంథపు చుట్టను ముట్టుకుంటే చేతులకు మైల. హోమర్ పుస్తకాలను ముట్టుకుంటే లేదు. రబ్బీల ప్రత్యర్థి వర్గమైన సద్దూకయ్యులు దీన్ని ఎద్దేవా చేశారు. యోహానాన్ బెన్ జక్కాయ్ ఇచ్చిన జవాబు ఇది: గాడిద ఎముకలు శుద్ధం, ప్రధాన యాజకుడి ఎముకలు అశుద్ధం, దాని సంగతేమిటి మరి? ఎంత ప్రియమో అంత మైల అని వాళ్లే ఒప్పుకోగా, గ్రంథాలకూ అదే లెక్క అన్నాడు. లేకపోతే మనుషులు తల్లిదండ్రుల ఎముకలతో గరిటెలు చేసుకుంటారు.

ఈ చివరి వాక్యం మనోవిశ్లేషణ మొత్తానికి ముందుమాటగా వేసుకోవచ్చు. చనిపోయినవాళ్ల మీద టాబూలకు మూలం, వాళ్ల మీద మనకున్న ప్రేమ అడుగున దాగిన శత్రుత్వమే అన్నది ఫ్రాయిడ్ వాదం. రబ్బీ మాట అంత దూరం పోదు. ప్రియమైనదాన్ని వాడుకోవాలనే కోరిక ఉందని మాత్రం ఒప్పుకుని, దానికి అడ్డంగా మైలను కంచెలా నాటుతుంది. కోరిక లేని చోట నిషేధం అక్కర్లేదన్న ఫ్రాయిడ్ సూత్రం ఇక్కడ అచ్చంగా ఉంది. సంఖ్యాకాండము 19లోని ఎర్ర పెయ్య నియమంలోనూ ఈ రెండు ముఖాలే: కాడి మోయని, మచ్చలేని పెయ్యను దేవదారు, హిస్సోపు, ఎర్ర నూలుతో కాల్చి ఆ బూడిద కలిపిన ఊటనీళ్లు మూడో రోజూ ఏడో రోజూ చల్లితే శవ మైల పోతుంది. ఆ బూడిద పోగుచేసిన శుద్ధుడికి మాత్రం సాయంత్రం దాకా మైల.

మనోవిశ్లేషణ అసలు బలం సిద్ధాంతాల్లో కాదు, కేసుల్లో ఉంది. కడగడం ఎందుకు ఫలించదో అవి చూపిస్తాయి. టోటెమ్ అండ్ టాబూలోనే ఇంకో కథ. భర్త క్షవరం కత్తులు సానబట్టించడానికి ఇచ్చాడు. భార్య వెళ్లి ఆ దుకాణం చూసి వచ్చి, పక్కనే శవపేటికల కొట్టు ఉంది, ఆ కత్తులను శాశ్వతంగా పారెయ్యమంది. ఆ కొట్టు లేకపోయినా ఆమెకు ఇంకేదో దొరికేది, దారిలో శవయాత్రో, దుఃఖవస్త్రాల్లో ఎవరో అంటాడు ఫ్రాయిడ్. ఆమె పారేయిస్తున్నది కొట్టు మైలను కాదు, భర్త ఆ కత్తితో గొంతు కోసుకుంటే అన్న ఊహలో తనకు కలిగిన సుఖాన్ని. 1909 నాటి కేసులో ఒక అధికారి సంగతి ఇంకా స్పష్టం. అతను ఫీజు ఇచ్చే నోట్లు ఎప్పుడూ కొత్తగా, చదునుగా ఉండేవి. ఇంట్లో ఇస్త్రీ చేస్తాడట, ఎవరి చేతికీ క్రిములున్న నోటు ఇవ్వడం మనస్సాక్షికి ఒప్పదట. అదే మనిషి, తనను నమ్మిన కుటుంబాల ఆడపిల్లల పట్ల చెయ్యరాని పని చేస్తూ అందులో తప్పేమీ చూడలేదు. చేతి మురికి నోటు మీదికి జరిగిపోయింది. నోటును ఇస్త్రీ చేస్తున్నంత కాలం చెయ్యి శుభ్రమే.

ఇదే ఆగకపోవడానికి కారణం. కడుగుతున్నది ఒకటి, మైలపడ్డది ఇంకొకటి. 1926లో ఫ్రాయిడ్ దీనికి రెండు పద్ధతులు పేర్కొన్నాడు. ఒకటి, జరిగిన పనికి విరుగుడు పని చేసి అసలు జరగనట్టే కొట్టేయడం. రెండు, ఒక అనుభవాన్ని దాని భావం నుంచి, చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి ఉంచడం. తాకకూడదన్న నిషేధం రెండోదానికి మూలమన్నాడు, ఎందుకంటే ప్రేమకైనా దాడికైనా మొదటి మెట్టు తాకడమే. పైగా కాలం గడిచేకొద్దీ తంతు అడ్డుకోవాల్సిన పనికే దగ్గరవుతుంది. కడిగేవాడి ఆలోచన రోజంతా మురికి చుట్టూనే తిరుగుతుంది.

మతాలు కూడా ఒక మలుపులో ఇదే గోతిలో పడ్డాయి. యూదు మత చరిత్ర పండితుడు జోనాథన్ క్లావన్స్ 2000లో చేసిన విభజన ఇక్కడ చాలా పనికొస్తుంది. తంతు మైల పాపం కాదు, తప్పించుకోలేనిది, అంటుకుంటుంది, గడువు ఉంటుంది, నీళ్లతో పోతుంది. నైతిక మైల, అంటే హత్య, విగ్రహారాధన, నిషిద్ధ సంబంధాలు, తాకితే అంటుకోదు, నీళ్లతో పోదు, నేలకే పడుతుంది. రెండూ వేర్వేరు ఖాతాల్లో ఉన్నంత కాలం బాలింతకు నేరభావం అక్కర్లేదు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో, బయటి నుంచి లోపలికి పోయేది మనిషిని అపవిత్రం చెయ్యదు, లోపలి నుంచి వచ్చేదే చేస్తుందన్న మాటతో తూకం రెండో ఖాతా వైపు మొగ్గింది. మనుస్మృతిలోనూ మట్టితో నీళ్లతో శుద్ధుడైనవాడు కాదు, ధనం విషయంలో శుద్ధుడే శుద్ధుడు అన్న శ్లోకం ఉంది. నైతికంగా ఇది ముందడుగే, ఎవరూ కాదనరు. కాని ఆలోచనకు సాయంత్రం ఉండదు. లోపలి మైలకు ఏడో రోజు రాదు. చర్చిలో పాపాల కన్ఫెషన్ చెప్పి వచ్చిన మరుక్షణం ఇంకేదో వదిలేశానని మళ్లీ క్యూలో నిలబడేవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు.

ఆగే చోటును తీసెయ్యడం ఇంకో పద్ధతిలో కూడా జరిగింది, అది ఇంకా ఘోరం. 1948లో ద అన్‌టచబుల్స్‌లో అంబేడ్కర్ ఇతర సమాజాల మైల నియమాలను హిందూ అంటరానితనంతో పక్కపక్కన పెట్టి చూపించాడు. ఎక్కడైనా మైల పుట్టుక, చావు, బహిష్టు లాంటి సందర్భాలకు వస్తుంది, గడువు తీరగానే పోతుంది, పోగొట్టే తంతు ఉంటుంది. అంటరానితనం మాత్రం సందర్భానికి కాక మనిషికి, మనిషికి కాక వంశానికి పట్టించారు. గడువు లేదు, శుద్ధి తంతు లేదు. అంబేడ్కర్ ఇందుకే మైలనూ అంటరానితనాన్నీ ఒకే గాటన కట్టొద్దన్నాడు. శౌచ నియమాల సొగసును మెచ్చుకునేవాళ్లు ఈ పేజీ దగ్గర ఆగక తప్పదు. మనుస్మృతి 5 సపిండుల, అంటే దగ్గరి రక్తబంధువుల, మృతాశౌచానికి వర్ణాన్ని బట్టి 10, 12, 15 రోజులు, నెల అని లెక్క కట్టింది, రాజుకు మాత్రం అప్పటికప్పుడే శుద్ధి అంది. గడువు ఎవరికి ఎంత అన్నదాన్ని అధికారమే నిర్ణయిస్తుందని ఆ అంకెలే చెబుతున్నాయి.

ఇక చికిత్స. మనోవిశ్లేషణ మైల భయాన్ని ఎంత బాగా చదివినా, దాన్ని తగ్గించడంలో అంత పనికొచ్చిందని చెప్పలేం. ఫ్రాయిడ్ చెప్పిన ఆ జబ్బుకు ఇప్పటి పేరైన ఓసీడీకి మనోవిశ్లేషణ పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని బ్రిటన్‌లో చికిత్సలకు ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2005 మార్గదర్శకం రోగులకు చెప్పమంటుంది. పనిచేసేది 1966లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ మొదలుపెట్టిన దారి: తాకించడం, కడగనివ్వకపోవడం. భయపడే వస్తువులను 0 నుంచి 100 దాకా భయం అంకెలతో వరుస పెడతారు. మధ్యస్థంగా ఉన్నదానితో మొదలుపెట్టి, తాకి, కడుక్కోకుండా భయం దానంతట అది దిగేదాకానో, దిగకపోయినా భరించగలనని తెలిసేదాకానో ఉంటారు. సాధారణంగా చెడేది ఇక్కడే: చెయ్యి కడగడు గాని, “ఏం కాదు కదా?” అని ఇంట్లోవాళ్లను ఇరవైసార్లు అడుగుతాడు. వాళ్లు జాలిపడి ఇరవైసార్లూ “ఏం కాదు” అంటారు. ఆ భరోసా కూడా కడగడమే, నీళ్లు లేవంతే.

రోగి మతనిష్ఠ ఉన్నవాడైతే చికిత్స చేసేవాళ్లు నియమాన్ని కొట్టేయకూడదు. అలా చేస్తే రెండో రోజు నుంచి రాడు. అతని సంప్రదాయంలో తెలిసిన పెద్దను ఒకేసారి, ఒకే ప్రశ్న అడగాలి: తప్పనిసరి ఎంత? సరిపోతుందా అని కాదు, కనీసం ఎంత అని. వుజూకు ఒకసారి అంటే ఒకసారే, ఉత్తమమైన మూడింటి జోలికి చికిత్స అయ్యేదాకా పోకూడదు. జవాబును కాగితం మీద రాయించుకోవాలి, ఎందుకంటే మర్నాటికి “నా ప్రశ్న సరిగ్గా అడగలేదేమో” అన్న అనుమానం వస్తుంది, మళ్లీ అడగబోతాడు. అప్పుడు చూపించాల్సింది ఆ కాగితమే. ఆ పెద్ద కూడా రెండోసారి ఫోన్ ఎత్తకుండా ఉండటానికి ముందే ఒప్పుకోవాలి.